కంప్యూటర్ చేత ఉపవాసం చేయించాను

ఇంటినిండా జనాన్ని పాడటానికి నోళ్ళు తెరిపించి, ఆ నోళ్ళలోంచి ఒక్క పదమైనా రాకుండా చేసిన ఘనత మా సంఘంలో నాకొక్కడికే దక్కింది. ఎలా చేశానో చెబుతాను. మీరు మాత్రం ఇలా చేయకండి.

కొండాపూర్‌లో మా సంఘం వాళ్ళం ప్రతి శనివారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టుకుంటాం. పాటలన్నీ టైపు చేసి, ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి అందరికీ చూపించే పని నాది. పైకి దాన్ని సేవ అనేవాణ్ణి. లోపల మాత్రం పదవి అనే అనుకునేవాణ్ణి.

చిక్కల్లా నా ల్యాప్‌టాప్ ముసలిదైపోవడం. బటన్ నొక్కగానే లోపలి ఫ్యాను విమానం ఎగురుతున్నంత మోత పెట్టేది గానీ, తెర మీద మాత్రం చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. మావాళ్ళు మొదటి ప్రార్థన ముగించి, మంచినీళ్ళు తాగి, గచ్చిబౌలి ట్రాఫిక్‌ని తిట్టుకుని వచ్చినా ఆ చుక్కలు తిరుగుతూనే ఉండేవి.

అలాంటి రోజుల్లో మా పై అంతస్తులోకి ప్రభాకర్ దిగాడు. నల్లగొండ వాడు, మాదాపూర్‌లో ఉద్యోగం, నాకన్నా బాగా చిన్నవాడు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, చెప్పారని నా పాటలన్నీ అతనికీ ఇచ్చాను. అదే నా కొంప ముంచింది. వాళ్ళింట్లో కూడిక జరిగిన శనివారం నాది చుక్కలు తిప్పుతూ ఉండగా అయ్యగారు, "నీది ఉందా నాయనా?" అని ప్రభాకర్‌ని అడిగారు. అతను తన ల్యాప్‌టాప్ మూత ఎత్తాడు. మూత పూర్తిగా లేవకముందే పాట కనబడింది.

"చూశారా బ్రదర్, ఎంత చురుగ్గా ఉందో," అన్నారు అయ్యగారు నావైపు తిరిగి. "క్రిస్మస్ కూడికకి ఫంక్షన్ హాల్లో పెద్ద తెర పెడుతున్నామండి. అక్కడ ఎవరు కూర్చోవాలో వచ్చే శనివారం మీ ఇంట్లో అనుకుందాం."

పొరుగువాడి ఇంటినీ, ఎద్దునూ, గాడిదనూ ఆశించకూడదని సండే స్కూల్లోనే కంఠతా పట్టి బహుమతి గెలుచుకున్నవాణ్ణి నేను. ఆ వరసంతా మనసులో మళ్ళీ చదువుకున్నాను. అందులో ల్యాప్‌టాప్ లేదు. ప్రాణం కాస్త కుదుటపడింది. అంతలో ఆ వరస చివర 'అతనిది ఏదైనా సరే' అన్న అర్థం వచ్చే ముక్క ఒకటుందని గుర్తొచ్చి, ఆ కాస్త ఊరటా పోయింది.

"అన్నం ముందు పెట్టుకుని ఆ మూలుగేంటండి?" అంది మా ఆవిడ సుగుణ.

"ప్రభాకర్ మూత ఎత్తిన తీరు చూశావా? ఎంత గర్వం."

"మూత ఎత్తడంలో గర్వమేముంటుందండి?"

"ఒంటి చేత్తో ఎత్తాడు."

ఉపవాసం ఉంటే మనిషి తేలికపడతాడు, మరి కంప్యూటర్ మాత్రం ఎందుకు తేలికపడదు? వీడియోలు చూస్తూ పని మొదలుపెట్టాను. ఆన్ చేయగానే వాటంతటవే లేచి కూర్చునే ప్రోగ్రాములను ఆపేశాను. పాత ఫైళ్ళు తీసేశాను. తెర మీది హంగులన్నీ పీకేశాను. మునుపటి మీద కొంత నయమైంది గానీ, నాకు కావలసింది నయం కావడం కాదు, ప్రభాకర్‌ని మించడం.

ఇంకో వీడియోలో ఒకాయన, అక్కర్లేని ఫాంట్లు ఎక్కువైనా కంప్యూటర్ బరువెక్కుతుందన్నాడు. వెళ్ళి చూస్తే లోపల పెళ్ళి భోజనాల వరసలా బారులు తీరి ఉన్నాయి. సగానికి పైగా పేర్లు నేనెప్పుడూ వినలేదు. వినని పేరల్లా తీసేశాను. గురుగులు పీకబోతే గోధుమలు కూడా ఊడొస్తాయని ఎన్ని ప్రసంగాల్లో తల ఊపానో లెక్కలేదు. పీకేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"పనికొచ్చేది ఏదైనా పోతుందేమోనండి. ప్రభాకర్‌ని ఒక్కమాట అడగరాదూ?" అంది సుగుణ.

"ఎవర్ని?" అన్నాను. ఆ గొంతు విని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆన్ చేస్తే చుక్కలు ఒక్క చుట్టు తిరిగి మాయమయ్యాయి. ఆ వారమంతా నాకు ఆన్ చేయడం, మురిసిపోవడం, ఆఫ్ చేయడమే పని. పాటల ఫైలు ఒక్కసారి తెరిచి చూద్దామన్న ఆలోచనే రాలేదు.

శనివారం ఇల్లు నిండింది. బాగా కనబడాలని ప్రభాకర్‌ని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాను. అందరూ చూస్తుండగా బటన్ నొక్కాను. టక్కున తెరుచుకుంది.

"మారుమనస్సు పొందిందండి ఇది," అన్నారు అయ్యగారు.

ఆ మెప్పు చాలదన్నట్టు, ఎవరికీ నోటికి రాని కొత్త పాట ఒకటి తెరిచాను. తెర మీద కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య డాలరు గుర్తులు, తలకిందులైన ప్రశ్నార్థకాలు కనబడ్డాయి. పాడటానికి తెరిచిన నోళ్ళు తెరుచుకున్నట్టే ఉండిపోయాయి.

ముందు వరసలో కూర్చున్న పెద్దావిడ కరుణమ్మగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అయ్యగారూ, ఇవి పరిశుద్ధాత్మ పలికించే అన్యభాషలాండి?"

"అర్థం చెప్పేవాళ్ళు ఉంటేనే అన్యభాషలు పలకాలమ్మా," అన్నారు అయ్యగారు. "బ్రదర్, అర్థం చెబుతారా?"

ఇంకో పాట తెరిచాను. అందులో డాలర్లు మరీ ఎక్కువగా ఉన్నాయి.

అసలు సంగతేమిటంటే, నా పాటలన్నీ ప్రెస్సుల్లో వాడే పాత తెలుగు ఫాంటులో టైపు చేసినవి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అవి తెలుగు. అది లేని చోట ఇదిగో, ఇలాంటి గుర్తులు. టైపు చేయడమే గానీ దాని పేరేమిటో నేనెన్నడూ చూసుకోలేదు, అందుకే ఏరి పారేసిన వాటిలో అదీ పోయింది.

"అన్నా, ఫాంట్ గిట్ల తీసేసినవా ఏంది?" అన్నాడు ప్రభాకర్ మెల్లగా.

"కొద్దిగా," అన్నాను.

"ఫికర్ చెయ్యకు. జర ఆగు, నాది తెస్త. నువ్విచ్చిన పాటల ఫోల్డర్ల ఫాంట్ గూడ ఉండె గద."

తెచ్చాడు. ఒంటి చేత్తోనే మూత ఎత్తాడు. టీవీ తీగను నా ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసి అతని దానికి నా చేతులతో నేనే తగిలించాను. పాట అచ్చ తెలుగులో మెరిసింది. కరుణమ్మగారు అందరికంటే గట్టిగా పాడారు.

కూడిక అయ్యాక టీ కప్పు అందిస్తూ, సిగ్గు విడిచి అడిగాను. "నీది అంత వేగంగా ఎలా తెరుచుకుంటుంది తమ్ముడూ? ఏం తీసేశావు?"

"ఏం తియ్యలేదన్నా. అందరు రాకముందే ఆన్ జేసి, పాట తెరిచి, మూత వేసి వెడ్త. నువ్వేమో అందరు కూసున్నంక బటన్ నొక్కుతవ్. జర ముందుగాల నొక్కితే నీది గూడ అయిపోతది."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా."

"నువ్వు అడగలే గదన్నా."

సుగుణ పైకప్పు వైపు చూస్తూ నిలబడింది.

క్రిస్మస్ కూడికలో పెద్ద తెర ప్రభాకర్‌కి వెళ్ళింది. "బ్రదర్, మీరు బిర్యానీ దగ్గర నిలబడండి. అక్కడ తీసేయడానికి ఏమీ ఉండదు," అన్నారు అయ్యగారు.

అలా డేగిసా పక్కన గరిటె పట్టుకుని, అయ్యగారి ఆశీర్వాద ప్రార్థనకు కళ్ళు మూసుకుని, నిండు మనసుతో మొక్కుకున్నాను: ఊపిరున్నంతవరకు ఏ కంప్యూటర్నీ శుద్ధి చేయను, పేరు తెలియనిది ఏది కనబడినా నమస్కారం పెట్టి పక్కకు తప్పుకుంటాను, ఇంకొకరి వేగం చూసి ఎన్నడూ కుళ్ళుకోను. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ప్లేటు పట్టుకుని వరసలో అందరికన్నా ముందు ప్రభాకరే ఉన్నాడు.

మొక్కు మొక్కే. కాకపోతే అతనికి వేయడానికి ముక్కల్లో కాస్త చిన్నది ఏదో వెతకడానికి నాకు కొంచెం సమయం పట్టింది.