సున్నా కాదు, తెలియదు

సున్నాను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. లెక్కల పుస్తకంలో సున్నా కాదు. తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి నామోషీ పడి పెట్టే సున్నా.

తెలంగాణ రావడానికి కొన్నేళ్ళ ముందు గోదావరిఖనిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసేదాన్ని. బొగ్గుబాయిలో పేలే గ్యాసును కొలవడానికి పెట్టిన మీటర్ల రీడింగులు కేబుల్ మీదుగా పైకొస్తే, వాటిని తెరమీద చూపించే ప్రోగ్రాం మాది. రాసింది జావా అనే కంప్యూటర్ భాషలో. మా ఆయన అదే బాయిలో సర్దార్. అంటే కార్మికులు పని మొదలుపెట్టకముందే పైకప్పు, గాలి, గ్యాసు చూసి, అంతా బాగుంటే గోడమీద సుద్దతో సంతకం, తారీఖు వేయాలి. ఆ సంతకం లేనిచోట ఎవరూ కాలు పెట్టరు. చూడని జాగా అంటే మూసిన జాగా, అంతే.

అన్నం తినేటప్పుడల్లా ఈ ముచ్చట విని విని నా ప్రోగ్రాంలోకీ అదే తెచ్చాను. రీడింగు రాకపోతే, అసలు ఉందా లేదా అని జావాలో అడుగడుగునా అడగాలి. ఒక్కచోట మరిచిపోయామా, ప్రోగ్రాం కుప్పకూలుతుంది. విసుగొచ్చి, ఎక్కడో చదివిన మోనాడ్ అనే పద్ధతిని ఒక క్లాసుగా, అంటే విడి కోడు ముక్కగా, రాసుకున్నాను. అదేం బ్రహ్మవిద్య కాదు, మూతపెట్టిన డబ్బా. లోపల రీడింగు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. మనం మూత తీయం, చేయాల్సిన లెక్కను డబ్బాకే అప్పజెబుతాం. రీడింగు ఉంటే లెక్క చేసి, వచ్చినదాన్ని మళ్ళీ డబ్బాలోనే పెట్టి ఇస్తుంది. లేకపోతే లెక్క జోలికే పోకుండా ఖాళీ డబ్బాను ముందుకు పంపుతుంది. ఎన్ని లెక్కలు గొలుసుగా కట్టినా, మొదట లేని రీడింగు చివర్లో ఎక్కడినుంచో ఊడిపడదు.

అప్పటి జావాలో ఇది రాయాలంటే చేంతాడంత కోడు. కోస్తా నుంచి వచ్చిన మా టీం లీడర్‌కు అది చూస్తే నవ్వు. "ఏంటమ్మా ఈ డబ్బాల కొట్టు?" అనేవాడు. అననీ అనుకున్నాను. మూత తీసేది ఒక్కచోటే, తెర దగ్గర. ఖాళీ అయితే ఎర్రగా ‘తెలియదు’ అని చూపించాలి.

బాయి మేనేజరుకు, పై ఆఫీసర్లకు ప్రోగ్రాం చూపించే రోజు వచ్చింది. మొదటి షిఫ్టు వాళ్ళు పైకి వచ్చేశారు, రెండో షిఫ్టు దిగబోతోంది. మా ఆయనది రెండో షిఫ్టు. నేను వెనక కుర్చీలోంచి తెర చూశాను. ఆయన డ్యూటీ చేసే వైపు, చిట్టచివరి మీటరు దగ్గర సున్నా. పచ్చగా, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. అది చూస్తే భరోసాగా షిఫ్టంతా దింపేస్తారు. ఆ మూలన ఎంతోకొంత గ్యాసు లేని రోజే ఉండదని ఆయనే ఎన్నోసార్లు చెప్పాడు.

టీం లీడర్ దగ్గరికి వంగి ఆ సున్నా ఎక్కడిదని అడిగాను.

"పెద్దవాళ్ళ ముందు ఎర్రగా ‘తెలియదు’ అని కనిపిస్తే పరువేం ఉంటుందమ్మా? పొద్దున్నే గొలుసు మధ్యలో మూత తీసి, ఖాళీ అయితే సున్నా పెట్టేలా రాశాను. రేపు తీసేద్దాంలే."

"సార్, గిప్పుడు షిఫ్టు దిగుతది. అండ్ల మా ఆయన ఉన్నడు."

"కేబుల్ తెగి ఉంటుంది. గొడవ చేయకు, కూర్చో."

కూర్చున్నాను కూడా. ఉద్యోగం పోతుందన్న భయం. కానీ ఆ పచ్చ సున్నా నన్నే చూస్తున్నట్టుంది. లేచి నిలబడ్డాను.

"సార్, ఆ సున్నా అబద్ధం. ఆడ గ్యాసు ఎంతున్నదో మాకు తెల్వది."

మేనేజరు నన్ను ఒక్కమాట అడగకుండా ఫోన్ ఎత్తాడు. "షిఫ్టును ఆపుండ్రి. ఎవ్వరు పోవద్దు. ముందుగాల సర్దార్‌ను ఒక్కన్ని పంపి గ్యాసు చూపియ్యుండ్రి."

సర్దార్‌ను. అయ్యో, ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు! అందర్నీ ఆపితే ముందు పోవాల్సింది ఆయనే. ఏ మూలకు ఎవరూ పోకూడదని నోరు విప్పానో, ఆ మూలకే నా మొగుణ్ణి ఒంటరిగా పంపించాను.

చేతులు నన్ను ఊరికే ఉండనివ్వలేదు. వెళ్ళి టీం లీడర్ రాసిన ఆ ఒక్క లైను కొట్టేసి ప్రోగ్రాంను మళ్ళీ నడిపించాను. అతను అడ్డు రాలేదు, తల కూడా ఎత్తలేదు. తెరమీద సున్నా పోయి ఎర్రగా ‘తెలియదు’ వచ్చింది. అందరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఏ దేవుడికి మొక్కానో, ఏం మొక్కానో నాకే తెలియదు.

ఫోన్ మోగింది. మేనేజరు విని, "గ్యాసు మస్తుగున్నదట. ఎవ్వలు పోకుండ దారికి అడ్డం కట్టి వచ్చిండు," అని ఫోన్ నా చేతికిచ్చాడు.

"ఏందే, షిఫ్టు ఆపిచ్చింది నువ్వేనట?" ఆయన రొప్పుతున్నాడు.

అంతమంది ఆఫీసర్ల ముందు బొటబొటా ఏడ్చేశాను.

"ఏడుస్తున్నవా? పిచ్చిదానా, నాకేం గాలే. ఆడ సంతకం పెట్టలేదు, వాపసు వచ్చిన. సరే గని, సద్దిగిన్నెల ఏం కూర పెట్టినవ్? ఆకలైతున్నది."

పొద్దున నేనే వండాను, నేనే గిన్నెలో సర్దాను. ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు.

"తెల్వది," అన్నాను.