గోధుమ కంకి చిప్

నేను జీవితంలో ఒక్కసారి కూడా జూదం ఆడలేదు. మా నాన్నగారు చర్చిలో సంఘ పెద్ద. ఇంట్లో పేకముక్క కనిపించేది కాదు. అలాంటివాణ్ణి కెనడాలోని సస్కటూన్ వచ్చాక, మూతబడిన చిన్న చిన్న కాసినోల చిప్స్ పోగుచెయ్యడం మొదలుపెట్టాను. డబ్బుకు బదులు బల్ల మీద పెట్టే గుండ్రటి బిళ్లలవి. కాసినో మూసేసేటప్పుడు మామూలుగా వాటిని పగలగొట్టి పారేస్తారు. ఎవరి జేబులోనో మరిచిపోయినవి మాత్రం మిగులుతాయి. ఒక్కో బిళ్ల ఏ ఊరిదో, ఆ కాసినోను ఎవరు నడిపారో ఆన్‌లైన్‌లో పాత పత్రికల్లో వెతకడం నాకు ఇష్టం.

"ఆడని ఆటకి బిళ్లలెందుకండీ? వీకెండ్ అంతా ఆ స్క్రీన్ ముందే" అనేది మా ఆవిడ. నేను ఇంకో పత్రిక తెరిచేవాణ్ణి.

మూడేళ్ల క్రితం పాత సామాన్ల సంతలో, బొత్తాలు నింపిన డబ్బాలో ఒక చిప్ దొరికింది. ఇటుక రంగు, అంచున మూడు పసుపు చారలు, మధ్యలో గోధుమ కంకి. కాసినో పేరు ఉండాల్సిన చోట మాత్రం అరిగి నున్నబడింది. భూతద్దం పెట్టాను, పక్కనుంచి లైటు వేసి ఫోటోలు తీశాను. ఒక్క అక్షరం తేలలేదు. కలెక్టర్ల గ్రూపులో అడిగితే ఏడాది తర్వాత ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రెండు గంటల దూరంలోని ఊళ్లో ఒకావిడ ఉందని, వయసులో ఉండగా అలాంటి చిప్స్ వాడిన కాసినోలో ముక్కలు పంచేదని చెప్పి నంబరు ఇచ్చారు.

ఆవిడకు ఫోన్ చేశాను. "కంకి బొమ్మ ఉందా? అయితే మాదే! ఫోన్‌లో కాదు, పట్టుకురా. చేతిలోకి తీసుకుని అంతా చెప్తాను" అని గట్టిగా నవ్వింది.

కాసినో పేరొక్కటి అప్పుడే అడగవలసింది. ఆవిడ ఉత్సాహం చూసి ఊరుకున్నాను. ఆ శనివారం మంచు తుఫాను వచ్చింది. తర్వాతి రెండు శనివారాలూ నేను పనిచేసే విత్తనాల ల్యాబ్‌లో డ్యూటీ పడింది. ఈలోగా ఆవిడ కూతురు ఫోన్ చేసింది. అమ్మకు స్ట్రోక్ వచ్చింది, మాట పడిపోయింది, కేర్ హోమ్‌లో చేర్చాం అంది. "అయినా రండి. మీరు వస్తారని అందరికీ చెప్పుకుంది."

వెళ్లాను. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉంది. కుడిచెయ్యి ఒళ్లో వాలిపోయి ఉంది. ఎడమ అరచేతిలో చిప్ పెట్టాను. బొటనవేలితో అంచు తడిమింది. ముఖం ఒక్కసారిగా వెలిగింది. నోరు తెరిచింది. "ఎస్" అంది. ఆవిడకు మిగిలిన మాట అదొక్కటే.

తెలివితక్కువగా ఫోన్‌లో మ్యాప్ తీసి, కాసినో ఏ ఊరిదో తేలుతుందని ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివాను. ప్రతి పేరుకీ "ఎస్" అంటూనే కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆరో పేరుకో ఏడో పేరుకో పిడికిలితో బల్ల మీద కొట్టి ఏడ్చేసింది.

"ఇక ఆపండి" అంది కూతురు మెల్లగా.

ఆవిడ బుర్రలో ఆ పేరు ఉంది. నాకు రెండడుగుల దూరంలో ఉంది. ఏం చేసినా అది బయటికి రాదు. "క్షమించండమ్మా" అని తెలుగులోనే అనేశాను. ఏమర్థమైందో, ఆవిడ కళ్లు తుడుచుకుని చిప్‌ను రెండు వేళ్లతో నా వైపు జరిపింది. గెలిచినవాడికి ఇచ్చినట్టు, సూటిగా. నేను తిరిగి జరిపాను. మళ్లీ నా వైపు పంపింది. అరగంట అలాగే ఆడాం. ఆ తర్వాత నెలకోసారి వెళ్లేవాణ్ణి. ఇక ఏమీ అడగలేదు.

మంచు కరిగే రోజుల్లో ఆవిడ పోయింది.

కొన్నాళ్లకు కూతురు ఒక ఫోటో పంపింది. నల్ల కోటులో, పాతికేళ్లు కూడా లేని ఆవిడ పకపకా నవ్వుతోంది. వెనక గోడ మీద కాసినో బోర్డు ఉంది. కెమెరా ఫ్లాష్ సరిగ్గా పేరు మీదే పడి అక్కడంతా తెల్లగా అయిపోయింది.

ఫోన్ చేశాను. "అమ్మ ఆ రోజుల గురించి ఎప్పుడూ చెప్పేది. నేనే ఏనాడూ వినలేదు" అంది కూతురు.

ఫోన్ చెవి దగ్గర పట్టుకునే, బల్ల మీది చిప్‌ను రెండు వేళ్లతో ముందుకు జరిపాను. అవతల ఆమె కూడా ఫోన్ పెట్టెయ్యలేదు.