బూడిద గాలించిన రోజు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. అప్పుడూ ఇప్పుడూ నా పని వరంగల్ బజారులోనే. కంసాలి దుకాణాలు ఊడ్చిన దుమ్ము కొని తెచ్చి, నీళ్లలో గాలించి, అందులో కలిసిపోయిన బంగారం రవ్వలు తీస్తాను. మా ఆయన చేసిన పని ఇది. ఆయన పోయాక గాలించే చిప్ప నేను పట్టుకున్నాను. చదువు రాదు నాకు, నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది.

గాలించడం అంటే టీవీలో పోలీసులు దొంగ కోసం చేసేదే అనుకుంటారు చాలామంది. మా పనిలో దాని సంగతి వేరు. చేటలో చెరిగితే పొట్టు గాలికి పోతుంది. జల్లెడ పడితే సన్నం కిందికి, దొడ్డు పైకి. గుడ్డలో వడకడితే నీళ్లు పోయి పిప్పి మిగులుతుంది. గాలించాలంటే నడుమ లోతున్న చెక్క చిప్పలో నీళ్లు పోసి మెల్లగా తిప్పాలి. తేలికది అంచు మీదుగా వెళ్లిపోతుంది, బరువైనది అడుగున కూర్చుంటుంది. బియ్యంలో రాళ్లు తీసే ఆడవాళ్లంతా చేసేదే ఇది. కాకపోతే వాళ్లు అడుగున మిగిలింది పారేస్తారు, నేను దాన్నే దాచుకుంటాను.

ఆ ఎండల్లో కాజీపేట నుంచి లావణ్య అనే పిల్ల వచ్చింది. కరెంటు తీగ అంటుకుని వాళ్ల వంటగది కాలిపోయిందట. మనుషులకేం కాలేదు. పుస్తెలతాడు పాతబడిందని ముందురోజే విప్పి, కొత్తది కట్టుకునేదాకా పుస్తెలు చెక్క పోపులపెట్టెలో పసుపులో పెట్టిందట. పెట్టె బూడిదైపోయింది. చేతులతో దేవులాడితే దొరకలేదు.

"మా అత్త నమ్ముతలేదు పెద్దమ్మా," అంది. "రఘునాథపల్లిల మా తమ్మునికి బోరు ఎండిపోయింది. వానికిచ్చి కతలు చెప్తాన్ననంటాంది. మా ఆయన ఉలుకడు, పలుకడు. దొరకకుంటే నేనింక ఆ ఇంట్ల ఉండ."

"బూడిద పారవోసిండ్రా?"

"లేదు. బస్తాలల్ల నింపి గోడపొంటి వెట్టినం."

"ఉంటే దొరుకుతది బిడ్డా. బంగారం ఏడికి పోదు," అన్నాను.

మర్నాడు చిప్ప, జల్లెడ పట్టుకుని వెళ్లాను. గడపలో కూర్చున్న అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. బొట్టు లేని మొహం కదా నాది.

"ఈమెనా? మొగడు లేని చెయ్యి నా కోడలి పుస్తెల మీద పడుడేంది?" అంది.

ఆ మాట నాకు కొత్త కాదు. అయినా గుచ్చుకుంటుంది. "పుస్తెలు తమ్మునికి ఇచ్చిందంటివట గద వదినె. ఇయ్యాల నా చెయ్యి దేని మీద పడుతదని నీ ఫికర్?" అన్నాను.

లావణ్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అత్త మొహం తిప్పుకుంది కానీ వెళ్లిపొమ్మని మాత్రం అనలేదు.

"సరే, అడుగు తేలే ఆఖరి చిప్ప నీ కోడలే తిప్పుతది. నేను ముట్ట," అని పనిలో దిగాను.

ముందు ఒక బస్తా బూడిద పెద్ద కన్నాల జల్లెడలో జల్లించి మేకులు, పెంకులు పక్కన పడేశాను. లావణ్య మొగుడు బకెట్లతో నీళ్లు మోశాడు. బొగ్గు తేలిపోయింది. తెల్లబూడిద పాలలా పారిపోయింది. అడుగున నల్లటి ఇసుక కనబడగానే చిప్ప లావణ్య చేతికిచ్చాను.

ఆత్రం ఆగక వేళ్లు పెట్టి కెలికింది. "వేళ్లు తియ్యి. దేవులాడకు, తిప్పు. కానిది దానంతట అదే పోతది," అన్నాను. మోచెయ్యి పట్టుకుని వాటం చూపించాను. కొంచెంసేపటికి చేతికి దారి తెలిసింది. ఇసుక పలచబడ్డాక అడుగున ఒక పుస్తె కనబడింది. మసిబారింది, అంచు వంగింది, కరగలేదు.

లావణ్య ఏడుపు ఆపుకోలేకపోయింది. మొగుడు బకెట్ కింద పెట్టి ఆమె పక్కన కూలబడ్డాడు. "నువ్వు గట్ల చెయ్యవని అమ్మకు నేను ఆనాడే చెప్పాల్సుండె," అన్నాడు. 

ఇంకొకటి దొరకాలి. ఇంకో బస్తా మిగిలే ఉంది. అత్త గడపలో నుంచి లేచి వచ్చింది. చీర ఎగ్గట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఇటు తే చిప్ప. బియ్యం గాలిచ్చి గాలిచ్చి నా చేతులరిగినయ్," అంది.

నిజమే, చెయ్యి తిరిగిన మనిషి. రెండో పుస్తె ఆమె చిప్పలోనే తేలింది. అంటే తేలలేదు, అడుగునే ఉంది. ఆమె దాన్ని వేలితో తీసి చాలాసేపు చూసింది. కొంగుతో రుద్దింది, మసి పోలేదు. కోడలి చేతిలోని దాన్ని కూడా అడిగి తీసుకుని రెండూ నా ముందు పట్టింది.

"మసి పోతలేదు. జర నువ్వే కడిగియ్యి."

చింతపండు అడిగి తెప్పించుకుని రుద్దాను. పుస్తెల మీద చెయ్యి పెట్టి ఎన్నేళ్లయిందో.

అప్పటినుంచి ఇల్లు కాలిందనో, ముక్కుపుడక మోరీ కాలవలో పడిందనో ఎవరు పిలిచినా ఆఖరి చిప్ప ఇంటివాళ్లకే ఇస్తున్నాను. నమ్మని మనిషి ఉంటే ముందు ఆ మనిషికే ఇస్తాను. వస్తువు నేను తీసిస్తే వస్తువే దొరుకుతుంది. వాళ్ల చేతులతో గాలించుకుంటే అనుమానం కూడా ఆ నీళ్లతో పాటే పోతుంది. ఇన్నేళ్లు చిప్ప తిప్పినా ఆ సంగతి నాకు కాజీపేటలోనే తెలిసింది.