అమ్మమ్మ పుట్టింటి పేరు

క్లారీ ఎవరు కనబడినా ముందు అడిగే మాట ఒకటే: "మీ అమ్మమ్మ పుట్టింటి పేరేమిటి?" బాగున్నారా అనేది ఆ తర్వాత, అదీ గుర్తుంటేనే.

క్లారీ ఉన్నన్నాళ్ళూ, సాయంత్రం ఆరు కొట్టిందంటే ఆ ఇంట్లో ఫోను ముట్టుకోవడానికి లేదు. ఇప్పుడు ఆయన పోయాడు, ఫోను భార్య ఎల్వీ ఒక్కదానిదే. అయినా ఆరయ్యేసరికి ఫోను మీదికి వెళ్ళిన ఆమె చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది.

తమ ఊరు ఉల్వర్‌స్టన్‌లో క్లారీ అడగని మనిషి లేడు. వేగంగా పోతున్నాడని కారు ఆపిన పోలీసునూ వదల్లేదు.

"పెద్దాయనా, లైసెన్సు తియ్యి."

"తీస్తా బాబూ. మీ అమ్మమ్మ ఎవరి పిల్ల?"

"బ్రాడ్‌బీల పిల్ల. ఎందుకూ?"

"అయితే మనం చుట్టాలం! గొర్రెల దొంగతనానికి మీ వాణ్ణీ మా వాణ్ణీ ఒకే ఖైదీల ఓడలో తెచ్చి ఇక్కడ దించారు."

పోలీసు జరిమానా రాశాడు. క్రిస్మస్‌కి కేకు కూడా పట్టుకొచ్చాడు.

పళ్ళ డాక్టరు నోటి నిండా దూది కుక్కినా క్లారీ అడగబోయాడు. "అఁవఁవ" అన్నది నొప్పేమో అనుకుని ఆ డాక్టరు ఇంకో సూది పొడిచాడు.

రైల్వే ఉద్యోగం నుంచి దిగిపోయాక క్లారీ కంప్యూటరు కొన్నాడు. ముందుగదిలో పెట్టనివ్వనని ఎల్వీ అడ్డం పడితే, బట్టలుతికే గదిలో పెట్టుకున్నాడు. దానికి 'చుట్టాల వరండా' అని పేరు. ఆరు దాటాక ఏ ఊరివాళ్ళయినా తమ కంప్యూటరుతో ఈ ఇంటికి ఫోను చేస్తే పక్కనున్న మోడెం పెట్టె ఈల వేసేది, గరగరలాడేది. తర్వాత తెర మీద అక్షరాలు వచ్చేవి. ముత్తాతల గురించి అడిగేవాళ్ళూ, చెప్పేవాళ్ళూ. వరండాలో ఒకరుంటే ఇంకొకరికి చోటు లేదు. సముద్రం అవతల ఎవరో వేలు ఆనిస్తే, ఇక్కడ సబ్బు వాసన మధ్య అక్షరం మొలిచేది. ఉతికిన దుప్పటి చేతిలో పట్టుకుని ఎల్వీ అలా చూస్తూ ఉండిపోయేది.

ఒకసారి పక్కింటి థెల్మా కంచె మీదుగా కేకేసింది. "ఎల్వీ! మీ అబ్బాయి రాస్‌కి కొడుకు పుట్టాడట! మీ ఫోను ఎంతకీ దొరక్క నాకు చేశాడు."

"పేరు పెట్టేముందు నన్ను అడగమను!" అని ఉతికే గదిలోంచి క్లారీ.

లోకమంతటినీ అడిగిన మనిషి ఎల్వీని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆమె అనాథాశ్రమంలో పెరిగిన పిల్ల. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి చెప్పింది. తనను ఆశ్రమం గుమ్మంలో దింపిన మనిషి, "దీని అమ్మమ్మ ట్రెగెన్‌ల ఆడపడుచు" అని ఒక్క ముక్క అని వెళ్ళిపోయిందట.

"వెతక్కు క్లారీ. ఆశపెట్టి, తీరా లేరంటే నేను తట్టుకోలేను."

"సరే, ఎల్వీ. నీకు చెప్పి వెతకను."

ఆమెకు ఆ జవాబు చాలింది. కానీ ఆయన ఊరందరి అమ్మమ్మలనూ వరసపెట్టి తవ్వుతుంటే మనసు చివుక్కుమనేది. లోపలికి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసేది.

క్లారీ పోయిన కొన్నాళ్ళకు కొడుకు ఫోను చేశాడు. "రేపు వస్తానమ్మా. ఆ వైర్లు పీకి అట్టపెట్టెలో సర్దెయ్. ఫోను మళ్ళీ ఫోనవుతుంది" అన్నాడు రాస్. సరేనని ఎల్వీ ఆ సాయంత్రం వైరు మీద చెయ్యి వేసింది. అప్పుడే ఫోను మోగింది. పెట్టె ఈల వేసింది. ఆ వెంటనే కంప్యూటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. వరండాలోకి వచ్చినవాళ్ళు క్లారీని పిలుస్తున్నారన్నమాట. ఆ అరుపు ఆపడానికి ఆయన నొక్కే మీట ఆమెకు తెలుసు. నొక్కింది.

"క్లారీ, బల్లారట్ నుంచి ఐవీని. జబ్బు చేసిందా? ఇన్నాళ్ళూ పలకలేదేం?" అని అక్షరాలు పరుగెత్తాయి. "ఇక్కడ ఇంకో ట్రెగెన్‌ల ఇల్లు దొరికింది. వాళ్ళ ముసలామెకు ఏమీ తెలియదట. పెర్త్‌లో వాళ్ళూ, డార్విన్‌లో వాళ్ళూ కనబడిన ప్రతివాళ్ళనీ అడుగుతూనే ఉన్నారు. ఎల్వీకి పొక్కలేదు కదా?"

ఎల్వీ స్టూలు మీద కూలబడింది. తాను ఎన్నడూ చూడని ఊళ్ళలో, తనను చూడనివాళ్ళు, గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి తన అమ్మమ్మ గురించి అడుగుతున్నారు! పెళ్ళికి ముందు క్లారీ ఈ ప్రశ్న ఎవరినీ అడిగేవాడు కాదని అప్పుడు గుర్తొచ్చింది.

ఒక వేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుని నొక్కింది. "నేను ఎల్వీని."



"చచ్చాను. నేను చెప్పానని క్లారీతో అనకు తల్లీ!"

"అననులే. ఆయన పోయాడు."

 ఈసారి జవాబు ఒక్కో అక్షరమే, ఐవీకి కూడా ఒక వేలే ఉన్నట్టు వచ్చింది.

"అయ్యో. అయితే వెతకడం ఆపమంటావా?"

ఎల్వీ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంది. జవాబు నొక్కడం ఒంటివేలి పని గనక చాలాసేపే పట్టింది.

"ఆపొద్దు. ముందు ఇది చెప్పు. మీ అమ్మమ్మ పుట్టింటి పేరేమిటి?"

మర్నాడు రాస్ వచ్చేసరికి అట్టపెట్టె నిండా బట్టల క్లిప్పులున్నాయి. వైరు గోడకే ఉంది.