మిగతా కథ వెండితెర మీద

జంషెడ్‌పూర్ సాక్చిలో ఆదివారం పొద్దుటాటకి పాత తెలుగు సినిమా ఒకటి వేస్తున్నారని నాన్న డ్యూటీ నుంచి వస్తూనే చెప్పాడు. డెబ్భైల చివరి మాట. మా ఊళ్ళో తెలుగు బొమ్మ పడటమే అరుదు, పాతదంటే మరీనూ. పేరు వినగానే అమ్మ పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"నిజమేనేటండీ? నా మీద ఒట్టేసి సెప్పండి!"

ఆ సంబరం ఎందుకో మాకు తెలుసు. శ్రీకాకుళం పక్క ఒక ఊళ్ళో, పద్నాలుగేళ్ళప్పుడు, అమ్మ టెంటు హాల్లో ఇసక మీద కూర్చుని ఈ కత్తియుద్ధాల సినిమానే చూస్తోంది. ఆఖరి రీలు మొదలవబోతుండగా వాళ్ళ పెద్దన్నయ్య వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. ఇంట్లో పెళ్ళిచూపులు. జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం చేసే పెళ్ళికొడుకు, అంటే మా నాన్న, అప్పటికే వచ్చి కూర్చున్నాడు. గుహలో చిక్కుకున్న రాకుమారుడు బయటపడ్డాడో లేదో తెలీకుండానే అమ్మకి పెళ్ళయిపోయింది. పాటల పుస్తకం దాచుకుంది గానీ ఏం లాభం? అందులో కథంతా ఊరించి ఊరించి చెప్పి, సరిగ్గా గుహ దగ్గర 'మిగతా కథ వెండితెర మీద చూడండి' అని ఊరుకున్నారు. చూసినవాళ్ళెవరైనా చెప్పబోతే అమ్మ చెవులు మూసుకునేది. ఎప్పటికైనా తనే చూస్తానని పంతం. నాన్నకి అదంతా నవ్వులాట.

ఆదివారం కద్మాలో మా ఇంటి నుంచి మేం వెళ్ళేసరికి హాలు కిటకిటలాడుతోంది. మొదటి పాటకే జనం గొంతు కలిపారు. వీధిలో మేం గోల చేస్తే బెత్తం తీసే ఫోర్‌మన్‌గారు ఈల వేశారు! పన్నెండేళ్ళవాణ్ణి, నోరు తెరుచుకుని ఆయన్నే చూశాను. పెద్దవాళ్ళంతా ఒక్కసారి చిన్నపిల్లలైపోతే ఎంత బాగుంటుందో!

మూడో రీలు దాకా బాగానే నడిచింది. తర్వాత ఉన్నట్టుండి రాకుమారి చంకలో పిల్లాడు. ఆ తర్వాతి రీల్లో ఆవిడకింకా పెళ్ళే కాలేదు. హాలంతా గగ్గోలు. పాత ప్రింటు, రీళ్ళ డబ్బాల మూతలు ఎక్కడో తారుమారయ్యాయి. ఆపరేటర్‌కేమో తెలుగు ముక్క రాదు.

అమ్మ దిగ్గున లేచింది. "ఇప్పుడు ఆకరి రీలు ముందే పడిపోతే నా గతేటి? పదరా!"

నా రెక్క పట్టుకుని మెట్లెక్కి ఆపరేటర్ గదిలోకి దూసుకుపోయింది. వెనకాలే నాన్న. ఆపరేటర్ అమ్మని చూసి, "బహన్‌జీ, ఆప్ హీ బతాయియే" అని, మీరే చెప్పాలంటూ చేతులు జోడించాడు. ఇక చూడాలి మా అమ్మని! మిగిలిన ఒక్కో రీలు కొస లాగి, బల్బుకెదురుగా పెట్టి చూస్తోంది.

"ఇది ఏనుగు మీద ఊరేగింపు, ముందు ఇదెయ్యి. ఇది నదిలో దూకీది, దాని తర్వాత." నేను హిందీలో చెప్తుంటే అతను డబ్బాల మీద సుద్దతో అంకెలు వేస్తున్నాడు.

ఒక కొసని లైటుకి పెట్టి, అమ్మ ఆగిపోయింది. "ఇదేటో నాకు తెల్దు" అంది. మరుక్షణం చెయ్యి కాలినట్టు వదిలేసి మొహం తిప్పేసుకుంది. "నాకు తెల్దంటే ఆకరిది ఇదే!"

మళ్ళీ లైట్లారాయి. ఒక్క తప్పు లేకుండా కథ సాగింది. ఆఖరి రీలు పడేసరికి అమ్మ ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. వెనకవాళ్ళు కూర్చోమని అరుస్తున్నా వినిపించుకోదే! బండరాయి కదిలింది. దుమ్ములోంచి రాకుమారుడు బయటికొచ్చాడు.

"వచ్చీసేడు! వచ్చీసేడు!"

చప్పట్లు కొడుతూ గెంతుతోంది అమ్మ. జడ ఊడిపోయింది, కళ్ళవెంట నీళ్ళు. మా క్లాసు ఆడపిల్లలు అలా గెంతడం చూశాను గానీ, అమ్మని అలా ఎన్నడూ చూడలేదు. నేనూ చప్పట్లు అందుకున్నాను.

నవ్వుతాడనుకుని నాన్న వైపు తిరిగాను. ఆయన తెర వైపు చూడటం లేదు. అమ్మనే చూస్తూ, ఎవరితోనూ కాకుండా అన్నాడు.

"నాను ఆ దినం ఇంకో గంట ఆగి రావలసింది."