కళ్లం పక్క దిరిసెన

మా కాలేజీ కిటికీ అవతల దిరిసెన కాయలు గాలికి గలగలమంటున్నాయి. ఆకు ఒక్కటీ లేదు, కొమ్మల నిండా ఎండు కాయలే. ఆ చప్పుడు వింటే పాఠం చెబుతూ మధ్యలోనైనా నాకు మస్తానమ్మత్త గుర్తొస్తుంది.

ఆవిడ మాకు చుట్టం కాదు. వినుకొండ దగ్గర మా ఊళ్లో మిరపకాయలు కోసే ముఠాకు మేస్త్రి. బడి గడప తొక్కిన మనిషి కాదు. నేనేమో అప్పట్లో డిగ్రీలో బోటనీ చదువుతున్నానన్న పొగరుతో నేల మీద నడిచేదాన్ని కాదు. ఆ మాఘమాసంలో ఇంటికి వెళ్తే, కళ్లం పక్కనున్న దిరిసెన మోడులా కనిపించింది. "ఇది చచ్చిపోయింది నాన్నా" అని తేల్చేశాను. చదువుకున్న కూతురి మాట నాన్నకి వేదవాక్కు. మర్నాడే రంపం వాళ్లను పిలిపించాడు.

మస్తానమ్మత్త కోత వదిలేసి వచ్చి, చెట్టుకు ఆనుకుని నిలబడింది.

"ఆగన్నా. చచ్చిందని ఎవరు చెప్పారు?"

"అమ్మాయే చెప్పింది. దాని చదువే అది గదా" అన్నాడు నాన్న.

అత్త నావైపు తిరిగింది. "ఇట్రా అమ్మాయ్. ఈ కొమ్మను గోరుతో గీకు."

గీకాను. పైపొర కింద పచ్చగా, తడిగా ఉంది. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

"మిరపకాయలు ఎండబోయడానికి కళ్లంలోకి వచ్చే వేళకి ఇది ఆకు దులిపేసుకుద్ది. ఎండంతా కాయలకే. అదే వేపచెట్టు కింద పోసి చూడు, చెమ్మ పట్టి తెల్లబడిపోతాయి. మళ్లీ ఎండలు ముదిరే సరికి దీనికి ఆకొచ్చిద్ది, మాకు నీడొచ్చిద్ది. మీ తాత దీన్ని ఊరికే ఉంచలేదు ఇక్కడ."

నాన్న రంపం వాళ్లను పంపించేశాడు.

వైశాఖంలో మళ్లీ వెళ్లాను. చెట్టంతా లేత ఆకు, కుచ్చుల్లాంటి మీగడరంగు పూలు, గాలి నిండా వాసన. కింద ముఠా ఆడవాళ్లు అన్నాలు తింటున్నారు. "ఏమంటందే నీ చచ్చిన చెట్టు?" అంది అత్త. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

నాకు పాఠాలు చెప్పినవాళ్లు చాలామంది. చెట్టును చూడటం నేర్పింది మాత్రం మస్తానమ్మత్తే. ఈ మాట ఏ సభలోనైనా గొప్పగా చెప్పుకుంటాను. కాయ చదునుగా, గడ్డిరంగులో ఉండి గింజలు ఆడితే దిరిసెన, నల్లగా జిగటగా ఉంటే నిద్రగన్నేరు అని పుస్తకం పాఠమూ చెబుతాను. కానీ అంతకు ముందే పిల్లల్ని కాలేజీ కిటికీ అవతలి ఈ చెట్టు కిందికి తీసుకెళ్తాను. ఏటా ఎవరో ఒకరు అననే అంటారు. ఇవాళ మొదటి బెంచీ అమ్మాయి అంది, "ఇది చచ్చిపోయింది మేడం" అని.

"ఇట్రా అమ్మాయ్" అన్నాను. "గోరుతో గీకు."