బటన్లు లేని లిఫ్టు

కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డ చాలా ఏళ్లకు, బంగారుపేట స్టేషన్లో అక్కడికి పోయే బండి కోసం ఎదురుచూస్తుంటే ఆ అమ్మాయి కలిసింది. చెన్నై నుంచి వచ్చిన రైలు దిగి నా పక్కన కూలబడి, కొత్త చెప్పులు విసురుగా విడిచేసింది.

"ఏమైందమ్మా?" అన్నాను.

"ఇంటర్వ్యూకి పోయినానక్కా. నది ఒడ్డున పెద్ద అద్దాల బిల్డింగు. లిఫ్టు ఎక్కితే లోపల నొక్కేదానికి ఒక్క బటనూ లేదు. ఏ ఫ్లోరో బయటే నొక్కి ఎక్కల్లంట. నాకేం తెలుసు?"

అడగడానికి నామోషీ పడి, ఎక్కేవాళ్లతో పైకీ దిగేవాళ్లతో కిందికీ తిరిగిందట. చివరికి ఎవరినో అడిగి చేరేసరికి, వేళ దాటిందని లోపలికి రానివ్వలేదు.

"నోరుండాది కదా నాకు! అడిగేదానికి ఏం రోగం?" అని తొడ మీద చరుచుకుంది.

"ఇంకోటి వస్తుందిలే" అన్నాను.

"ఊరుకోక్కా. మా ఆండర్సన్‌పేట చర్చిలో అందురూ నా కోసం ప్రార్థన చేసినారు. ఇంగ ఆదివారం పోయి, లిఫ్టు ఎక్కేది తెలీలేదని చెప్పల్లా?"

అంతలోనే బండి వచ్చింది. ఆ రద్దీలో ఆమె ఏ పెట్టెలో ఎక్కిందో చూడలేదు.

ఇప్పుడు ఏ లిఫ్టు దగ్గరైనా ఎవరైనా దిక్కులు చూస్తూ నిలబడితే, "ఏ అంతస్తుకమ్మా?" అని అడుగుతాను. చాలామంది విసుక్కుంటారు.